మూడో ఇంటి వంటగట్టు

"అత్తయ్యా, టీ చల్లారిపోతోందని మీ అబ్బాయికి చెప్పండి," అంది నిచ్చెనమ్మ, కుట్టుమిషను మీంచి తల తిప్పకుండా.

ఆ అబ్బాయి, అంటే మేస్త్రీ, అక్కడే ఉన్నాడు. చేయి చాస్తే అందేంత దూరం. అద్దెకున్నదే ఒక్క గది. అందులో మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోకుండా ఉండాలంటే చాలా కష్టపడాలి. నిన్న సాయంత్రం నుంచి నిచ్చెనమ్మ ఆ కష్టం పడుతూనే ఉంది.

"చల్లారిపోతోందటరా," అంది అత్తగారు.

"విన్నానమ్మా."

"విన్నాడటే."

"విన్న మనిషి నిన్న నేనడిగినదానికి జవాబు చెప్పొచ్చు కదా అని అడగండి."

అత్తగారు మంచం మీంచి కాళ్లు దించింది. "నేనేమన్నా పోస్టాఫీసునా? మీ కబుర్లు మోసి మోసి నా నోరు ఎండిపోతోంది. ఒరేయ్, ఆ మూడో ఇంట్లో వంటగట్టు ఎవరికోసం తక్కువ కట్టావో చెప్పెయ్యి. నాకూ తెలుసుకోవాలనే ఉంది."

మేస్త్రీ గ్లాసులోకి చూస్తూ, "పొరపాటైంది. చేయి జారింది," అన్నాడు.

మిషను ఆగింది.

"బెత్తెడు జారిందా చేయి? రసమట్టం పెట్టి, అందులో బుడగ నడిమికొచ్చేదాకా ఊపిరి కూడా పీల్చని మనిషికి? చుట్టాలింటికి భోజనానికి పిలిస్తే, గోడ మీద పటం ఒరిగి ఉందని తింటున్నవాడు లేచి సరిచేసొచ్చిన మనిషికి?" అంది. నేరుగా మాట్లాడేశానని అప్పుడు గుర్తొచ్చి, "అని అడగండి అత్తయ్యా," అని చేర్చింది.

అత్తగారు అడగలేదు. కొడుకు మొహంలోకే చూస్తూ కూర్చుంది. మేస్త్రీ టీ ఒక్క గుక్కలో తాగి, పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"సాయంత్రం చీటీలున్నాయి. ముందు అది కానివ్వండి," అన్నాడు గుమ్మంలోంచి. ఆ మాట ఎవరితో అన్నాడో తేల్చుకునేలోపు వెళ్లిపోయాడు.

అత్తా కోడళ్లు కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మనలో పొట్టిమనిషి ఎవరే?" అంది అత్తగారు మెల్లగా.

ఆ పేరు ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఇద్దరూ పైకి అనలేదు.

*

నిచ్చెనమ్మకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. అది ఇప్పుడు రేషను కార్డు మీద తప్ప ఎక్కడా కనపడదు. చుట్టుపక్కల అందరికన్నా పొడుగు, అందుకని నిచ్చెనమ్మ. బట్టలు కుడుతుంది. టేపు మెడలోంచి తీయడం మరిచిపోయి దానితోనే అంగడికి వెళుతుంది.

నిన్న సంఘం ఆడవాళ్లందరూ కలిసి, కొత్తగా బాగుచేసిన ఆరు ఇళ్లూ కడిగారు. నిచ్చెనమ్మ వంతు వంటిళ్లు. రెండో ఇంట్లో గట్టు రుద్దినప్పుడు ఏమీ అనిపించలేదు. మూడో ఇంట్లో గట్టు రుద్దేసరికి నడుం పట్టేసింది. నాలుగో ఇంట్లో మళ్లీ హాయిగా ఉంది. ఎంత పొడుగు మనిషికైనా నడుం ఒక్క ఇంట్లోనే పట్టదు కదా. వెనక్కి వెళ్లి చూసింది. మూడో ఇంటి గట్టు మిగతావాటికన్నా బెత్తెడు తక్కువుంది.

ఆరు గట్లూ కట్టింది తన మొగుడే.

ఇది మామూలు ఇళ్లలో అయితే ఇంత రగడ కాదు. కానీ ఈ వీధి సంగతి వేరు. ఏళ్ల తరబడి దీన్ని పాడు వీధి అనేవారు. తలుపులకు తాళాలు, కప్పుల్లోంచి మొక్కలు, ఊళ్లో చెత్తంతా వాకిళ్లలో. బండివాళ్లు ఆ మలుపు దాకా వచ్చి దిగిపొమ్మనేవారు. మునిసిపల్ ఆఫీసువాళ్లు ఆ ఇళ్లను ఆరు కుటుంబాల సంఘానికి ఇచ్చారు. సామాను వాళ్లది, కష్టం వీళ్లది. అద్దె కట్టినట్టే నెలనెలా కడుతూ పోతే ఇల్లు సొంతమవుతుంది. అద్దె అయితే చచ్చేదాకా కడుతూనే ఉండాలి, తేడా అది.

ఒక్కటే షరతు. అన్నీ పూర్తయ్యేదాకా ఎవరి ఇల్లు ఏదో ఎవరికీ తెలియకూడదు. చివర్లో చీటీలు తీస్తారు. తనదని తెలిస్తే తన గోడకు రెండు పూతలు, పక్కింటి గోడకు ఒక పూత వేస్తాం, మనుషులం కదా. ఈ షరతు పెట్టింది సంఘాన్ని చూసే ఇంజినీరమ్మ. ఎవరైనా ఒక ఇంటి మీద కన్నేసి, అందులో ప్రత్యేకంగా ఏదైనా చేసుకుంటే వాళ్ల పేరు చీటీల్లోంచి తీసేస్తానని మొదటిరోజే చెప్పింది.

కాబట్టి ఆ గట్టు ఎవరికోసమో తెలియాలి. పేరు పోతుందన్న భయం సగం. మిగతా సగం ఏమిటో చదివేవారికి నేను చెప్పనక్కర్లేదు.

*

మూడో ఇంటి తలుపు తీసే ఉంది. వంటింట్లో కూరలక్క.

కూరలక్క బండి మీద కూరగాయలు అమ్ముతుంది. నిచ్చెనమ్మ భుజం దాకా కూడా రాదు. గట్టు ముందు నిలబడి, లేని కత్తితో లేని కూరలు తరుగుతోంది. తరిగినవాటిని లేని గిన్నెలో వేస్తోంది. అడుగుల చప్పుడుకు ఆగి, చిన్నపిల్లలా నవ్వేసింది.

"చూశావా నిచ్చెనా? మోచేతులు ఎత్తకుండా తరుగుతున్నాను."

నిచ్చెనమ్మ నవ్వలేదు. "ఈ ఇల్లు నచ్చిందా అక్కా?"

"నచ్చడమా? ఇన్నాళ్లూ ఏ ఇంట్లో ఉన్నా కూరల పెట్టె బోర్లించి దానిమీద నిలబడి వండాను. కూర మాడుతున్నా గబుక్కున దిగలేను, పడతానని. ఈ గట్టు దగ్గర నిలబడితే నేనూ అందరిలాంటి మనిషినే అనిపిస్తోంది." గట్టును అరచేత్తో తుడిచింది. "సాయంత్రం అందరినీ అడుగుతాను. చీటీ లేకుండా నాకిచ్చేయమని. నీలాంటివాళ్లకు ఎలాగూ ఇక్కడ నడుం విరుగుతుంది."

"ఎవరన్నా చెప్పారా నీకు, ఈ గట్టు తక్కువ కడతామని?"

"ఎవరు చెప్తారు?"

"మా ఆయన."

కూరలక్క కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "ఓసి పిచ్చిదానా. నా మొగుడున్నన్నాళ్లు నాకోసం గోడకు ఒక మేకు కొట్టలేదు. పరాయి ఆడదాని మొగుడొచ్చి గట్టు కడతాడా? కట్టి ఉంటే దండం పెడతాను, పిలువు."

నవ్వుతూనే బండి చూసుకోవడానికి వెళ్లిపోయింది. అబద్ధమాడే మనిషి అలా నవ్వదు. నిచ్చెనమ్మ కోపం పెట్టుకోవడానికి చోటు లేక, ఒంటరిగా గట్టు ముందు నిలబడిపోయింది.

మరి ఎవరికోసం?

ఊరికే కిటికీకి చేయి ఆనించింది. ఆ అంచు కూడా కిందికే ఉంది. స్విచ్చుల పెట్టె చూసింది. రెండో ఇంట్లో అది తన భుజానికి వచ్చింది, ఇక్కడ భుజం కిందికి దిగింది. ఎవరికోసమైనా గట్టు తగ్గిస్తారు, కిటికీ ఎందుకు తగ్గిస్తారు? మెడలోంచి టేపు తీసింది. గట్టు నుంచి పైనున్న అలమర అరకు కొలిచి, పక్కింటికి వెళ్లి అక్కడా కొలిచింది. సమానం. గట్టు నుంచి నేలకు కొలిచింది. ఇక్కడ తక్కువ.

పోయిన ఏడాది కుట్టిన పంట్లాం ఈ ఏడాది పిల్లాడికి పొట్టిదైతే, కుదించుకుపోయింది పంట్లాం కాదు. ఈ మాట ఎందరు తల్లులకు చెప్పిందో. తనకు మాత్రం నిన్నటినుంచి తట్టలేదు.

తలుపు దగ్గర వంగి చూసింది. అడుగున చెక్క కోసి ఉంది. ఆ కోసిన చోట రంగు లేదు.

గట్టు దిగలేదు. నేల లేచింది.

*

మేస్త్రీ మధ్యాహ్నపు ఎండలో ఆరో ఇంటి ముందు మెట్టుకు సిమెంటు పూస్తున్నాడు. నిచ్చెనమ్మ వచ్చి అతని నీడ మీద నిలబడింది. అత్తగారు లేదు కాబట్టి నేరుగానే అడిగింది.

"నేల మీద నేల ఎందుకు వేశావు?"

తాపీ ఆగింది. 

"తడి," అన్నాడు. "టైల్స్ వేసిన వారానికే సందుల్లోంచి తడి వచ్చింది. తుడిచాను. మర్నాడు మళ్లీ వచ్చింది. వాన లేదు. ఆ మూల పైపు కూడా లేదు. ఎక్కడినుంచి వస్తోందో నాకు అంతు పట్టలేదు."

"అందుకని?"

"అందరూ ఈ ఆరో ఇంటి కప్పు మీద పనిలో ఉన్నప్పుడు ప్లాస్టిక్ పట్టా పరిచి, కాంక్రీటు పోసి, మళ్లీ టైల్స్ వేశాను."

"ఇంజినీరమ్మకు చెప్పొచ్చు కదా."

"చెప్తే ఏమవుతుందో నీకు తెలీదా? ఆరూ బాగుంటేనే ఆరుగురికీ పత్రాలు. ఒక ఇంట్లో నేల ఊరుతోందని తెలిస్తే ఆఫీసువాళ్లు వీధి మొత్తానికి తాళం వేస్తారు. అందరం ఇన్నాళ్లు పడ్డ కష్టం మట్టిపాలు."

"తడి ఆగిందా?"

"ఇప్పటికైతే పైకి రాలేదు."

"ఇప్పటికైతే," అంది నిచ్చెనమ్మ.

"చీటీల్లో అది మనకే రావచ్చు. వస్తే నా తిప్పలేవో నేను పడతాను."

"రాకపోతే?"

మేస్త్రీ తాపీని నీళ్లలో కడగడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది.

పొట్టిమనిషి కోసం కాదని తేలినందుకు నిచ్చెనమ్మ మనసు ముందు తేలికపడింది. ఇలాంటి వేళ తేలికపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. తర్వాత భయం వచ్చింది. ఒక్క గదిలో అత్తగారి మంచానికి, మిషనుకు మధ్య సందులో పడుకుని పడుకుని విసిగిపోయింది ఆమె. సొంత కిటికీ పక్కన మిషను వేసుకుని, పగటి వెలుగులో సూదిలో దారం ఎక్కించుకోవాలన్నదే ఆమె కోరిక. సాయంత్రానికి అది చేతికందుతుంది.

"నువ్వు చెప్పమంటే ఇప్పుడే వెళ్లి చెప్పేస్తాను," అన్నాడు మేస్త్రీ.

మొగుడు ఇంత బరువు తెచ్చి తన నెత్తిన పెడతాడనుకోలేదు. చెప్పు అనాలి. ఆ రెండక్షరాలు గొంతు దాకా వచ్చాయి.

"సాయంత్రం చూద్దాం," అంది.

అని వెనక్కి తిరిగి నడిచింది. అతను కప్పింది తడినే. ఆ తడిని కప్పిన సంగతిని ఇప్పుడు తాను కప్పుతోంది. నడుస్తున్నంతసేపూ అది తెలుస్తూనే ఉంది.

*

ఎండ తగ్గాక అందరూ వీధి మధ్యలో చేరారు. ఇంజినీరమ్మ ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. చీటీలు మడిచి అందులో వేసింది. అత్తగారికి కుర్చీ వేశారు. వైరింగు చేసిన కరెంటన్న కొత్త చొక్కా వేసుకొచ్చాడు.

ఇంజినీరమ్మ డబ్బా ఊపబోతుంటే కూరలక్క లేచింది.

"అమ్మా, ఒక్క మాట. మూడో ఇల్లు నాకిచ్చేయండి. మిగతా అయిదూ మీరు చీటీ తీసుకోండి. మూల ఇల్లు అడగడం లేదు, పెద్ద ఇల్లు అడగడం లేదు. ఆ గట్టు ఒక్కటే నాకు సరిపోతుంది."

"షరతు ఉంది కదమ్మా," అంది ఇంజినీరమ్మ. కానీ ఆ గొంతులో పట్టు లేదు. "మిగతావాళ్లు ఏమంటారు?"

"ఇచ్చేయండి పాపం," అన్నాడు కరెంటన్న. "మా ఆవిడ ఆ గట్టు దగ్గర నిలబడితే నాకు కూడు పెట్టదు."

అందరూ నవ్వారు. అందరూ తలలూపారు. ఇంత సుళువుగా ఆ వీధిలో ఏ సంగతీ తేలలేదు. సిమెంటు బస్తాలు ఎక్కడ దించాలన్నదానికే రోజంతా కొట్టుకున్న మనుషులు వీళ్లు.

"మేస్త్రీ, నువ్వేమంటావు?" అంది ఇంజినీరమ్మ.

మేస్త్రీ పెళ్లాం వైపు చూశాడు. కూరలక్క కూడా నవ్వుతూ ఆమె వైపే చూసింది.

"వద్దు," అంది నిచ్చెనమ్మ.

నవ్వులు ఆగిపోయాయి.

"ఏం వద్దు?" అంది కూరలక్క.

"ఆ ఇల్లు నీకు వద్దక్కా."

"ఎందుకొద్దు? నీకు కావాలా?" కూరలక్క గొంతు మారింది. "పొద్దున వచ్చి గట్టు గురించి అడిగింది అందుకా? నాకు సరిపోయేది ఒక్కటి దొరికితే దాని మీద కూడా నీ కన్ను పడిందా?"

ఎవరో వెనకనుంచి, "కట్టింది వాళ్లాయనే కదా, లోపల ఏం దాచుకున్నారో," అన్నారు.

మేస్త్రీ ఆరో ఇంటి గోడకు ఆనించిన గునపం తీసుకుని మూడో ఇంట్లోకి వెళ్లాడు. ఇంజినీరమ్మ పిలిచేలోపే లోపల టైల్ పగిలిన చప్పుడైంది. అందరూ గుమ్మంలోకి తోసుకున్నారు. అతను టైల్స్ లేపి, కాంక్రీటు పెళ్లగించి, పట్టా చింపాడు. కింద మరో వరస టైల్స్ కనపడ్డాయి, పైవాటిలాంటివే. వాటి మధ్య నీళ్లు నిలిచి ఉన్నాయి.

 ఇంజినీరమ్మ మోకాళ్ల మీద కూర్చుని, నీళ్లలో వేలు ముంచి వాసన చూసింది.

"మురుగు కాదు. మంచినీళ్లే," అంది. ఆమె మొహంలో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువుంది. "ఈ మూల మంచినీళ్లేమిటి?" తర్వాత లేచింది. "ఇది కప్పిందెవరు?"

మేస్త్రీ నోరు తెరిచాడు.

"మేమే," అంది నిచ్చెనమ్మ.

మేస్త్రీ చప్పున తల తిప్పి ఆమెను చూశాడు.

"తనకేం తెలీదు, నేనొక్కడినే..."

"మధ్యాహ్నం నుంచి నాకూ తెలుసు. చెప్పలేదు. మేమే."

ఇంజినీరమ్మ డబ్బా మూత తీసి, చీటీలు ఒక్కొక్కటే విప్పి, వాళ్ల పేరున్నది బయటికి తీసింది. చింపలేదు, తిరిగి వేయలేదు. పిడికిట్లో పెట్టుకుని బయటికి వెళ్లి ఎవరికో ఫోను చేసింది.

అత్తగారు గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, "నన్ను ఒక్కమాట అడగకపోయావురా," అంది మెల్లగా. అతనికి ఆ మాటే అన్నిటికన్నా గట్టిగా తగిలినట్టుంది.

కూరలక్క ఇంకా గట్టు దగ్గరే ఉంది. పెళ్లగించిన నేలలో నిలబడేసరికి ఆ గట్టు ఆమెకు ఛాతీ దాకా వచ్చింది.

"అక్కా," అంది నిచ్చెనమ్మ.

"నాతో మాట్లాడకు." అంది కూరలక్క. "నేను అడిగి తీసుకునేదాన్ని ఈ ఇల్లు. నవ్వుతూ తీసుకునేదాన్ని. నువ్వు చూస్తూ కూర్చునేదానివి."

"కూర్చోలేదు కదక్కా."

"మధ్యాహ్నం కూర్చున్నావు కదా."

 

ఇంజినీరమ్మ ఫోను చెవికి ఆనించుకునే తిరిగొచ్చింది. "ఆఫీసువాళ్లు అడుగుతున్నారు. తడి ఈ ఒక్క ఇంట్లోనేనా అని. ఇది ఒక్కటే అయితే బాగుచేస్తారట, మిగతావాటిలోనూ ఉంటే వీధి మొత్తానికి తాళమేనట."

అందరూ మేస్త్రీ వైపు తిరిగారు.

"నాకు కనపడింది ఇక్కడే. మిగతా ఇళ్లు తవ్వి చూడలేదు," అన్నాడతను.

"అయితే చూడాలి. ఈ వీధి ఒకప్పుడు ఎందుకు ఖాళీ అయిందో ఎవరికీ తెలీదు, ఈ తడివల్లేనేమో. నేల కింద మంచినీళ్ల గొట్టమేదన్నా పగిలి ఉంటే సంగతి వేరు. ముందు ఏ ఇల్లు తవ్వుదాం?"

ఎవరి ఇల్లు ఏదో ఇంకా ఎవరికీ తెలియదు. అందుకని నా ఇల్లు వద్దు అనడానికి ఎవరికీ వీల్లేకపోయింది.

కూరలక్క వచ్చి మేస్త్రీ చేతిలోంచి గునపం లాక్కుంది. అది ఆమెకన్నా పొడుగుంది. ఏమీ అనకుండా రెండో ఇంట్లోకి నడిచింది. కరెంటన్న వెంట వెళ్లాడు. మేస్త్రీ కదలబోతే ఇంజినీరమ్మ చేయి అడ్డం పెట్టింది.

నిచ్చెనమ్మ వాకిట్లోనే నిలబడింది. మొదటి దెబ్బ వినపడింది. తర్వాత ఇంకొకటి. లోపల నేల పొడిగా ఉంటే అందరి ఇళ్లూ నిలుస్తాయి, మోసం చేసినవాళ్లుగా తామొక్కరే మిగులుతారు, ఆ చీటీ ఇక పిడికిట్లోంచి బయటికి రాదు. తడి ఉంటే అందరి ఇళ్లూ పోతాయి. అప్పుడు తన మొగుడి తప్పు ఎవరికీ గుర్తుండదు.

ఉండాలి, అనుకుంది. తడి ఉండాలి.

ఆ కోరిక పూర్తిగా లోపలికి దిగాక గానీ తాను ఏం కోరుకుందో ఆమెకు తెలియలేదు. ఎదురుగా ఆరు కుటుంబాల పిల్లా పెద్దా ఆ గుమ్మం వైపే చూస్తున్నారు.

లోపల గునపం చప్పుడు ఆగింది. కరెంటన్న బయటికొచ్చి, ఎవరి కళ్లలోకీ చూడకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నిచ్చెనా," అని పిలిచింది కూరలక్క లోపల్నుంచి. "ఒకసారి ఇలా రా. నువ్వొక్కదానివే. వస్తూ ఆ తలుపు వేసెయ్యి."